పగులు లేని తలుపు

"అది మన తలుపు కాదురా," అంది అమ్మ.

పెద్దోడి చేతిలో కుంచె అలాగే ఆగిపోయింది. "ఎందుక్కాదమ్మా? అదే పచ్చరంగు. గొళ్ళెం చూడు, అదే వంకర."

"ఏమో! ఏదో తక్కువైంది. ఎవరింటి ముందో కూర్చుని నేను ఫొటో దిగను."

అమ్మ పట్టు పడితే ఉడుంపట్టే. వరదలోంచి అందరూ ప్రాణాలతో బయటపడ్డాక ఆవిడ నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే: మన ఇంటి ముందు, పిల్లలందరితో, ఒక్క ఫొటో. దానికోసం బోర్డులు రాసుకుని బతికే పెద్దోడు వచ్చిన పనులన్నీ వదులుకుని, తిండీ నిద్రా లేకుండా వారాల తరబడి ఈ ఇంటి మీదే పడ్డాడు. చూసినవాళ్ళంతా ఆహా ఓహో అన్నారు. అమ్మ బాగుందనకపోతే మాత్రం అదంతా బూడిదలో పోసిన పన్నీరే.

చెల్లెలి మొగుడు, ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఫొటోగ్రాఫరు, మూడుకాళ్ళ పెట్టె వెనక నల్లగుడ్డలోంచి తల బయటపెట్టాడు.

"బావా, ఎండ తగ్గిపోతోంది. ఫొటో పడే గాజుపలక ఉన్నది ఒకటే. అయినా ఫొటోలో అంతా నలుపూ తెలుపే కదా, నీకీ పచ్చరంగు గోలేంటి?"

"ఫొటో రేపు చూస్తుంది. ఇవాళ అమ్మ కళ్ళారా చూడొద్దూ?"

ఫొటోగ్రాఫరు ఆ తలుపు వైపు ఇంకోసారి చూశాడు. "నీ చేతికి దండం పెట్టాలి బావా," అన్నాడు.

"మామయ్యా, నేను లోపల దాక్కుంటా!" అంటూ మేనకోడలు తలుపు వైపు దూసుకెళ్ళింది. చెల్లెలు గబుక్కున దాని జడ అందుకుంది.

"అమ్మో, రంగు పచ్చిగా ఉందే! చెయ్యి పెట్టావంటే మామయ్య తోలు తీస్తాడు."

అమ్మ కళ్ళు చికిలించింది. "పగులేదిరా?"

"ఏ పగులు?"

"మీ నాన్న బతికుండగా నా మీద అలిగి తలుపు దభాలున వేస్తే కింది చెక్క పగల్లేదూ? మళ్ళీ ఆయనే బయట చతికిలబడి, ఆ పగుల్లోంచే తప్పయిందన్నాడు. నేను గడియ తీస్తేగా!"

అందరూ ఫక్కున నవ్వారు. పెద్దోడు తల గోక్కున్నాడు. "అందం చెడుతుందని వదిలేశానమ్మా."

"అందం నీ బోర్డులకి. ఇది ఇల్లురా."

పెద్దోడు వంగి, కుంచె నల్లరంగులో ముంచి, కింది చెక్క మీద వంకరటింకరగా ఒక గీత లాగాడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కళ్ళమ్మట నీళ్ళు బొటబొటా కారాయి.

"ఇదీ మన ఇల్లు! బంగారు చేతులురా నాన్నా నీవి."

ఆ మాటకి పెద్దోడి వారాల అలసట చేత్తో తీసేసినట్టు పోయింది. అమ్మని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఇంకెవరూ కదలకండి," అన్నాడు ఫొటోగ్రాఫరు. "గాలొచ్చిందంటే మొత్తం చెడుతుంది." కెమెరా మూత తీసి, నింపాదిగా లెక్కపెట్టి, మళ్ళీ పెట్టాడు.

అమ్మ లేచి తలుపు వైపు తిరిగింది. తనివితీరా చూసుకుంది. "ఈ జన్మకిది చాలురా," అంది.

రంగు ఆరాక పెద్దోడు, వరదలో కొట్టుకుపోయిన ఆ ఇంటిని గుడ్డతో సహా చాపలా చుట్టి మూలన నిలబెట్టాడు.