అలంకారానికే ఉన్న గొలుసు

బాగుచేసిన పాతకాలపు రైలుపెట్టెలో గైడుగా నాకది మొదటి రోజు. పొరపాటు జరిగితే రేపట్నుంచి రావద్దన్నారు.

మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి, అచ్చులో ఉన్నదంతా నిజమనుకుంటాను. "ఈ ఇత్తడి గొలుసు అలంకారానికే. లాగినా రైలు ఆగదు," అని కరపత్రంలో ఉన్నట్టే ప్రయాణికులకు చెప్పి, లాగి మరీ చూపించాను.

రైలు ఆగింది. బాగుచేసినవాళ్లు గొలుసును కూడా బాగుచేశారు. ఆగిందెక్కడ? సరిగ్గా మా పెరటి వెనక.

దండెం దగ్గర అమ్మ పక్కింటి పిన్నిని నిలదీస్తోంది. "నా కూతురు ఆగమంటే రైలు ఆగుతుందని నేనంటే పకపకా నవ్వావుగా! ఏదీ, ఇప్పుడు నవ్వు!"

గార్డు కోపంతో ఊగిపోతూ వచ్చాడు. "ఎవరయ్యా గొలుసు లాగింది?"

తలొంచుకుని చెయ్యెత్తాను.

కిటికీ అవతల అమ్మ చెయ్యూపింది. నవ్వకుండా పిన్ని కూడా ఊపింది.