వచ్చిన పని

మేడ మీది కిటికీ కిర్రుమని తెరుచుకుంది.

కింద వరండాలో పేపరు చదువుతున్న తిరుమలరావు తలెత్తాడు.

ఆ కిటికీ ఎవరికీ ఓ పట్టాన తెరుచుకోదు. గడియ కొంచెం పైకెత్తి, మోకాలితో కింది చెక్కను తొయ్యాలి. హోటల్లో దిగినవాళ్లంతా కాసేపు దానితో కుస్తీ పట్టి, ఆఖరికి వంటమనిషి వరహాలమ్మను పిలుస్తారు.

నిన్న సాయంత్రం దిగిన ఈ అమ్మాయి ఎవరినీ పిలవలేదు.

"నువ్వు చూపించావా?" వరహాలమ్మను అడిగాడు.

"నానెందుకు సూపిత్తాను బాబూ? పొద్దున్నించీ పొయ్యి కాడే ఉన్నాను గదా."

వన్ టౌన్‌లో ఆటో కూడా దూరలేని సందు చివర ఉందా పాత మేడ. రేవులో ఉద్యోగం ముగిశాక తిరుమలరావు, పుష్ప కలిసి దాన్ని నాలుగు గదుల హోటల్ చేశారు. గోడల రంగు నుంచి దిండు గలీబుల మీద కుట్టుపువ్వుల దాకా అంతా పుష్ప చేతిదే. గదిలోంచి ఓడలు కనబడతాయని ఎక్కడెక్కడి వాళ్లో వచ్చేవారు.

పుష్ప పోయి పదమూడు నెలలు.

కోవిడ్ వార్డులోకి తన కాళ్ల మీద తనే నడిచి వెళ్లింది. పదకొండు రోజులు. ఆయన్ని లోపలికి రానివ్వలేదు. మూడో రోజు నుంచి ఫోను కూడా లేదు. ఆ రోజుల్లో ఆమె ఏం మాట్లాడిందో, అసలు మాట్లాడిందో లేదో, అదొక్కటే ఆయనకు తెలియాలి. ఆస్పత్రికి రెండుసార్లు వెళ్లి అడిగాడు. అప్పటివాళ్లు ఇప్పుడు లేరన్నారు.

ఆ తర్వాత ఆయన ఎవరితోనూ పెద్దగా మాట్లాడడం లేదు.

అమ్మాయి మెట్లు దిగుతోంది. ముప్పై ఏళ్లుంటాయేమో. కింది నుంచి నాలుగో మెట్టు జారుడు. సరిగ్గా దాన్నే దాటి కాలు వేసింది.

"ఏ ఊరమ్మా మీది?"

"మల్కాపురం సార్. సాయిదుర్గ నా పేరు."

"ఇంత దగ్గర్లో మల్కాపురంలో ఇల్లు పెట్టుకుని ఇక్కడ గదెందుకు?"

"ఈ ఇల్లు ఒక్కసారి చూడాలనిపించింది సార్."

తిరుమలరావు పేపరు మడిచాడు.

ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కడదామని అశోక్ అనే బ్రోకరు రెండు నెలలుగా తిరుగుతున్నాడు. పోయిన నెల టూరిస్టునంటూ వచ్చినవాడొకడు గోడలు కొలుస్తూ దొరికిపోయాడు. అతనూ అశోక్ మనిషే.

"సార్, మీతో ఒక మాట..."

"గది గురించైతే వరహాలమ్మకు చెప్పండి. ఇల్లు గురించైతే నా దగ్గర మాటల్లేవు."

ఆమె ఇంకేదో అనబోయి, వంటింటి వైపు నడిచింది.

పదకొండు గంటలకు వంటింట్లోంచి వరహాలమ్మ కేక వినిపించింది.

"ఓలమ్మో! ఏడాది బట్టి ఎతుకుతన్నాను ఈ సీసా కోసం! నీకెలా తెలుసే?"

తిరుమలరావు లోపలికి వెళ్లాడు. ఆ అమ్మాయి ముక్కాలిపీట మీద నిలబడి ఉంది. చేతిలో పాత హార్లిక్స్ సీసా, దాన్నిండా యాలకులు.

"అటక మీద, ఇత్తడి గుండిగ లోపలుందట బాబూ! ఎవరు సెప్పారే అంటే, ముందు సార్‌కే సెప్పాలంటాది. నాను టీలో గుప్పెడేసి ఏసేత్తానని అమ్మగారు నాకు అందకుండా దాసీసారట. సూడండి, నామీద నమ్మకం!"

వరహాలమ్మ పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు.

పుష్ప వంటింట్లో ఒక పరాయి మనిషి అటక దాకా చెయ్యి పెట్టింది. ఆయన కళ్లకు అదొక్కటే కనిపించింది.

"ఇల్లంతా వెతికేశారన్నమాట."

"లేదు సార్, నేను..."

"ఈ ఇల్లు అమ్మనని మీ అశోక్‌తో చెప్పండి."

"అశోక్ ఎవరు సార్?"

"సామాను సర్దుకోండమ్మా."

గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచడు. ఆ అమ్మాయి పీట దిగి, సీసాను రెండు చేతులతో గట్టు మీద పెట్టింది.

"ఒక్క నిమిషం వినండి సార్."

ఆయన అప్పటికే వరండాలోకి వెళ్లిపోయాడు. పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఆమె కాసేపు గుమ్మంలో నిలబడింది. తర్వాత మేడ మీదికెళ్లి, సంచీతో మెట్లు దిగి వెళ్లిన చప్పుడు వినిపించింది.

సంచీ మోసుకుని ఆటో దాకా వెళ్లిన వరహాలమ్మ అరగంటకు తిరిగొచ్చింది.

"ఏటి బాబూ, అంత మాటనేసారు? సందు పొడుగునా ఏడ్సుకుంటనే ఎళ్లింది. సాయంత్రం ఇమానమట. మస్కట్‌లో నౌకరీ. మరి రెండేళ్ల దాకా రాదట."

"బ్రోకరు మనిషికి మస్కట్‌లో నౌకరీ ఏమిటి?"

"బ్రోకరా? ఆ పిల్లా? మీకేటయినాదండీ! పోనీ నెంబరియ్యే అంటే, ఇక్కడిది తీసేసాను పిన్నీ, అక్కడ కొత్తది తీసుకోవాలి అంది."

ఆయన మళ్లీ పేపరు అందుకున్నాడు.

"ఆటో ఎక్కుతూ ఏటందో తెలుసా? టీలో యాలకులు రెండే ఎయ్యి పిన్నీ, సార్‌కి పైత్యం సేత్తాది అంది. అచ్చం అమ్మగారి మాటే."

పేపరు ఆయన ఒళ్లోంచి జారింది.

లోపలికి వెళ్లి హోటల్ రిజిస్టరు తెరిచాడు. నిన్న ఆయన బజారుకెళ్లినప్పుడు వరహాలమ్మే దాన్ని ఆ అమ్మాయి ముందు పెట్టింది. వరహాలమ్మకు చదువు రాదు. ఆయన ఇప్పటిదాకా ఆ పేజీ చూడనేలేదు.

పేరు, ఊరు, తేదీ. గుండ్రటి అక్షరాలు.

'వచ్చిన పని' అన్న గడి చాలక అక్షరాలు పక్క గడుల్లోకి పాకాయి.

"నేను ఆ వార్డులో నర్సుని, పదకొండు రోజులూ పుష్పమ్మగారు మంచం మీంచే నాకీ ఇల్లంతా తిప్పి చూపించారు, ఆవిడ చెప్పినవన్నీ సార్‌కి ఒప్పజెప్పి వెళదామని వచ్చాను."