చదవకుండా నొక్కినందుకు

"ఎవరండీ యస్ నొక్కింది?"

సూపరింటెండెంటు మధుసూదనరావు కేకకి ఆఫీసులో ఫ్యాన్లు తప్ప అన్నీ ఆగిపోయాయి. టీచర్ల బదిలీలు చూసే ఆ బందరు ఆఫీసులో తెల్లారితే కౌన్సెలింగ్.

"నేనేనండీ," అన్నారు గుమాస్తా వేంకటేశ్వర్లుగారు. రిటైర్మెంటుకి ఇంకా రెండు నెలలుంది ఆయనకి.

మూడేళ్ల క్రితం ఆపరేటర్ పవన్ ఎక్సెల్‌లో మాక్రో అని ఒక చిన్న ప్రోగ్రాం రాసిపెట్టి, హైదరాబాదులో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. బటన్ నొక్కితే చాలు, మూడొందల మంది టీచర్ల పేర్లు సీనియారిటీ వరసలో వచ్చేసేవి. బటన్ మాత్రం మధుసూదనరావే నొక్కేవారు. ఇంకొకరి చెయ్యి పడితే పాడవుతుందట.

ఈ ఏడాది కొత్త కంప్యూటర్లు, కొత్త ఎక్సెల్ వచ్చాయి. ఫైలుని కొత్త రకంలో సేవ్ చేయబోతే తెర మీద ఇంగ్లీషులో ఒక హెచ్చరిక వచ్చింది. ఇందులో మాక్రోలు నిలవవు, పోయినా పర్లేదంటే యస్, కాదంటే నో.

"ఇంగ్లీషు అర్థం కాకపోతే అడగొచ్చు కదండీ! పాత ఫైలేది?"

"రెండుంటే మీరు కంగారుపడతారని తీసేశానండి."

"రీసైకిల్ బిన్‌లో ఉంటుందిగా?"

"ఖాళీ చేశానండి. ఆఫీసు శుభ్రంగా ఉండాలని మీరేగా అంటారు."

అందరూ పగలబడి నవ్వారు. మధుసూదనరావుకి మాత్రం చెమటలు పట్టాయి.

వరండాలో బల్ల మీద కూర్చున్న జ్ఞానమ్మ టీచరుకి ఏడుపొక్కటే తక్కువ. నాగాయలంక దాటి పడవెక్కి వెళ్లే లంకలో ఆవిడ బడి. పదకొండేళ్లయింది. కూతురేమో పామిడిముక్కలలో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. ఆ దగ్గర్లో ఏటా ఒక్క ఖాళీ వస్తుంది. మూడేళ్లుగా జాబితాలో జ్ఞానమ్మది రెండో పేరు. ఇప్పుడసలు జాబితాయే లేదు. కౌన్సెలింగ్ ఆగితే మళ్లీ ఏడాది.

పై అధికారి గోవర్ధనరావుగారు వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"కంప్యూటర్లు రాకముందు మనం బతకలేదా? చేత్తో రాయండి."

బీరువాల మీంచి సర్వీసు రిజిస్టర్లు దించారు. ఒకరు చదివారు, ఒకరు రాశారు, ఇంకొకరు సరిచూశారు. సాయంత్రానికి జాబితా తయారైంది.

మర్నాడు మొదటి పేరు జ్ఞానమ్మది. ఆవిడ ఎవరికి దణ్ణం పెట్టాలో తెలీక నోటీసు బోర్డుకే పెట్టారు.

వేంకటేశ్వర్లుగారి చేతికి మెమో వచ్చింది. తెరపై కనబడిన హెచ్చరికను చదవకుండా యస్ నొక్కినందుకు సంజాయిషీ ఇవ్వవలెను. ఆయన సంతకం పెట్టి పుచ్చుకున్నారు.

మధుసూదనరావు చీటీ చూసుకుంటూ ఎక్సెల్ గడిలో ఏ పేరు కొడితే, సీనియారిటీతో పనిలేకుండా ఆ పేరుని జాబితాలో మొదటికి ఎగరేసే ఆ బటన్‌ని మూడేళ్లుగా పక్కనుంచి చూస్తున్న వేంకటేశ్వర్లుగారు, ఆ హెచ్చరికను డిక్షనరీ ముందు పెట్టుకుని నాలుగుసార్లు చదివాకే యస్ నొక్కారు.