మొదటి వంతు

"బళ్ళో జోసీ ఏడింటికి పాడుతుందమ్మా. ముందు వరసలో నీకు కుర్చీ పట్టి ఉంచాం," అన్నాడు కొడుకు మిచ్. గుమ్మం దాటి లోపలికి మాత్రం రాలేదు.

పొయ్యి మీద సాసేజులు తిప్పుతున్న వెర్నా వెనక్కి చూడలేదు. "ఇవాళేం రోజో నీకు తెలీదా?" అంది.

"తెలుసు. అందుకే వచ్చాను."

ఏప్రిల్ నెలాఖరు గురువారం అది. కాలేజీల్లో ఆడి పేరు తెచ్చుకున్న కుర్రాళ్ళను ఫుట్‌బాల్ లీగ్ జట్లు వంతులవారీగా ఎంచుకునే రోజు. కిందటి సీజన్లో అందరికంటే ఘోరంగా ఓడిన జట్టుకు మొదటి వంతు ఇస్తారు. ఈసారి అది వెర్నా జట్టుకు దక్కింది. చలికాలమంతా ఆమె, మరిది కాసిమిర్, పక్కింటి బొహానన్ ఒక్కో ఓటమినీ పంటి బిగువున చూశారు. మొదటి వంతు ఎక్కడ చేజారుతుందోనని చివరి ఆటల్లో ఓడిపోవాలనే కోరుకున్నారు.

"నా మనవరాలు వచ్చే ఏడూ పాడుతుంది. మొదటి వంతు మళ్ళీ ఏ జన్మకొస్తుందో," అంది వెర్నా.

"నువ్వెవరో కూడా ఆ జట్టువాళ్ళకి తెలీదమ్మా. ఉన్నావో పోయావో వాళ్ళకి పట్టదు. జోసీకి పడుతుంది."

"మీ నాన్న భుజాలెక్కి స్టేడియంలో గొంతు చించుకున్నవాడివి. ఈ మాట నీ నోటినుంచి వినాలా?"

"నాన్నే ఉంటే ఆ టీవీని ఎప్పుడో వీధిలో పారేసేవాడు."

వెర్నా చేతిలో గరిటె ఆగింది. "తలుపు వేసి వెళ్ళు. చలిగాలి కొడుతోంది," అంది.

కారు వెళ్ళిన చప్పుడు విన్నాక ఆమె పైకెళ్ళి, పోయిన భర్త లియో జెర్సీ తొడుక్కుంది. ఉతికి ఉతికి ముదురు ఎరుపు కాస్తా ఇటుకరంగుకి దిగింది. కొత్తవి వచ్చాయిగా, కొనుక్కోరాదా అని ఎవరన్నా అంటే ఆమెకి ఒళ్ళు మండేది. నిన్న కొట్లో గల్లా దగ్గరి అమ్మాయి ఆ జెర్సీ చూసి నవ్వు ఆపుకుంది. వెర్నా ఆ నవ్వుని గుటక వేసి మింగేసింది.

ఊరి తీరే అంత. ఒకప్పుడు ఈ రోజున మూల మీది బార్లో నిలబడడానికి చోటుండేది కాదు. ఇప్పుడక్కడ బేస్‌బాల్ పెడుతున్నారు. ఆమె ఇంటి నేలమాళిగలో ముప్ఫైమంది కూర్చునే చోట ముగ్గురు మిగిలారు. ఒక జనవరిలో ఊళ్ళో సగంమంది జెర్సీలు పెరట్లో వేసి తగలబెట్టారు. మిచ్ కూడా తనది కాల్చాడు. ఆ మంట చూసిన రోజునుంచి కొడుకుతో ఆమె మనసిచ్చి మాట్లాడింది లేదు. కష్టమొచ్చిందని వదిలేసి పోయేది ప్రేమెట్లా అవుతుందని ఆమె బాధ.

కాసిమిర్ బీరు పెట్టెతో దిగాడు. వెనకే బొహానన్ మెట్టుమెట్టుకీ ఆయాసపడుతూ వచ్చాడు. కూర్చోకముందే వాదన మొదలైంది.

"వదినా, గోడే లేని ఇంటికి సింహద్వారం ఎందుకు? ముందు ఆ నూట నలభై కిలోల వాణ్ణి తీసుకోవాలి. ఎదుటివాళ్ళు మన మీంచి నడిచిపోకుండా ఆపేవాడు కావాలి," అన్నాడు కాసిమిర్.

"ఇన్నాళ్ళూ గోడలేగా కట్టించావు. ఆట నడిపేవాడేడీ? ఆ ఓడమ్ కుర్రాడు బంతి విసిరితే తపాలా అందినట్టు చేతుల్లోకే వెళ్తుంది."

"కిందటిసారీ ఇలాగే ఒకణ్ణి నెత్తికెక్కించుకున్నావు. వాడి మోకాలు ఆర్నెల్లకే పోయింది."

"నీ నోరు మంచిదైతే వాడి మోకాలూ బాగుండేది."

ఎవరొచ్చినా మనవాడే కదా అని బొహానన్ సర్దిచెప్పి, ఇద్దరి ముందూ చెరో సాసేజు పెట్టాడు.

టీవీలో వ్యాఖ్యాత నోరు తెరవగానే కాసిమిర్ అలవాటు ప్రకారం శబ్దం తీసేశాడు. ఆ మనిషి మాట వింటే తనకు తిన్నది అరగదని అతని ఫిర్యాదు. మిగతా ఇద్దరూ ఏనాడూ అడ్డు చెప్పలేదు. నిశ్శబ్దంలోనే వేదిక మీదికి లీగ్ పెద్ద వచ్చాడు. చేతిలో చీటీ చూసి పెదవులు కదిపాడు. తెర కింద పేరు పడింది.

మలకై ఓడమ్.

కుర్రాడు లేచి తల్లిని వాటేసుకున్నాడు. ఆవిడ ఏడుస్తోంది. నూట నలభై కిలోల వాణ్ణి మరిచిపోయి కాసిమిర్ కూడా ఏడ్చాడు. బొహానన్ ఆయాసపడుతూనే వెర్నా చెయ్యి పట్టుకుని ఊపుతూ ఉండిపోయాడు.

వెర్నా మరో చేత్తో ఫోన్ తీసి మిచ్‌కి కలిపింది. అతను గుసగుసగా పలికాడు. వెనక పిల్లల గొంతులు వినిపిస్తున్నాయి.

"ఓడమ్‌ని తీసుకున్నారురా. మన రోజులొచ్చాయి. చూడు, ఇక అందరూ తిరిగొస్తారు."

"ఎవరు తిరిగొస్తారమ్మా?"

ఆమె తెర వంక తిరిగింది.

"జోసీ వంతు వచ్చింది. ఫోన్ ఎత్తి పట్టుకోనా? వింటావా?" అన్నాడు మిచ్ మెల్లిగా.

తెర మీద కుర్రాడు జట్టు టోపీ తలకు పెట్టుకుంటున్నాడు. "మళ్ళీ చేస్తాను," అని వెర్నా ఫోన్ పెట్టేసింది.

టీవీలో ఎక్కడో ఇంకా పొద్దు వాలని మండుటెండలో వేలమంది ఎర్ర జెర్సీలవాళ్ళు గంతులేస్తున్నారు. నేలమాళిగలో ముగ్గురూ, జనాన్ని చూపించినప్పుడల్లా చేసే పనే చేశారు, తల వంచుకుని సీసాల వంక చూశారు. కాసిమిర్ గొంతు సవరించుకుని, ఈసారి కప్పు మనదే వదినా అన్నాడు. మనదే అంది వెర్నా.

జట్టు ఆ ఊరు ఖాళీ చేసి వేరే ఊరికి పోయి పదకొండేళ్ళయింది.