టీవీ ముందు నూకయ్య

“దీన్లో ఆ పిల్ల పచ్చసీర కట్టినాది అప్పా. ఏడవడం లేదు గానీ ఏడుపు మొహమే.”

గోల్ బజారు టీవీల దుకాణం మధ్యలో నిలబడి నూకయ్య ఇలా మొదలుపెట్టేసరికి జగ్గారావుకి ఒళ్ళు మండింది.

తొంభైతొమ్మిదిలో ఖరగ్‌పూర్‌లోకి ఫ్లాట్ టీవీలు దిగాయి. జగ్గారావుకి రైల్వే వర్క్‌షాపులో పూజా బోనస్ వచ్చింది. నాన్న పోయాక అమ్మ చిలకమ్మకి సాయంత్రం సీరియల్ తప్ప వేరే సరదా లేదు. ఈ ఒక్క వస్తువుతోనైనా ఆవిడ మొహంలో సంతోషం చూడాలని అతని కోరిక.

చిలకమ్మ ఒకే షరతు పెట్టింది. నూకయ్య కూడా రావాలంది.

“మనింటి టీవీకి ఆయనెందుకమ్మా?”

“రానీరా. ఆడికి తెలుస్తాది.”

నూకయ్య వీళ్ళకి చుట్టం కాదు, పక్కం కాదు. రెండు వీధుల అవతల మేనల్లుడి క్వార్టర్లో ఉంటున్న రిటైరైన రైల్వే ఖలాసీ. గుడిలో ఎప్పుడో చిలకమ్మతో మాట కలిపి, అక్కని పిలిచినట్టు అప్పా అన్నాడు. ఆ మర్నాటి నుంచీ సీరియల్ టైముకి వచ్చి చాప మీద చేరేవాడు.

చూస్తే చూశాడు, నోరు మూసుకుని చూడడు.

“అత్త వొచ్చినాది. సేతిలో తాళాలున్నాయి. కోడల్ని సూడనట్టు పోతాంది.”

తెలుగు సీరియల్‌ని తెలుగావిడకి మళ్ళీ తెలుగులో చెప్పడమేమిటో జగ్గారావు భార్య రత్నానికి అర్థమయ్యేది కాదు. విసుక్కుంటూనే టీ ఇచ్చేది. ఇస్తే తాగేవాడు, లేకపోతే అడిగేవాడు కాదు.

ఇప్పుడు దుకాణానికీ తగులుకున్నాడు.

“దేఖున్ దీదీ, ఏక్‌దమ్ ఫ్లాట్,” అన్నాడు బెంగాలీ సేల్స్‌మన్ తెర చూపిస్తూ.

చిలకమ్మ అద్దం మీద అరచెయ్యి వేసి నిమిరింది.

“నున్నగున్నాది. రంగులెలాగున్నాయి నూకయ్యా?”

“దీన్లో ఆకుపచ్చ ఎక్కువప్పా. ఆ పక్కదాన్లో మనుషులు మనుషుల్లాగున్నారు.”

జగ్గారావు ఇంక ఆగలేకపోయాడు.

“ఏటయ్యా నీ గోల? మా అమ్మకి కళ్ళు లేవేటి? అంత సరదాగా ఉంటే నువ్వొకటి కొనుక్కుని నీ ఇంట్లో సూసుకో.”

నూకయ్య ఏదో చెప్పబోయి చిలకమ్మ వైపు చూశాడు. ఆవిడ వద్దన్నట్టు తల ఊపింది.

“ఠీక్ హై బాబూ,” అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఏ టీవీ చూపించినా చిలకమ్మది ఒకటే మాట. “నీకు నచ్చిందే కొనరా.”

కొత్త టీవీ ఇంటికొచ్చింది. వీధి వీధంతా వచ్చి చూసి వెళ్ళింది. నూకయ్య రాలేదు.

ఆ సాయంత్రం చిలకమ్మ సీరియల్ మధ్యలోనే లేచి వెళ్ళి పడుకుంది. మర్నాడూ అంతే.

“టీవీ నచ్చలేదామ్మా? మార్పించెయ్యమంటావా?”

“బాగున్నాది నాయినా. నూకయ్య రాలేదేటి?”

జగ్గారావుకి మనసు చివుక్కుమంది. ముచ్చటపడి కొన్న టీవీ కంటే, కన్న కొడుకు కంటే, ఆ వాగుడుకాయే ఎక్కువైపోయాడా అనుకున్నాడు.

వారం తిరక్కుండానే ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి రత్నం ఇంట్లో లేదు, కూరగాయలకి వెళ్ళింది. ముందుగదిలో సీరియల్ వినిపిస్తోంది. చిలకమ్మ చాప మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని టీవీకేసి చూస్తోంది.

హమ్మయ్య, అమ్మకి అలవాటైంది అనుకుని సంతోషంగా తనూ టీవీ వైపు తిరిగాడు.

దుమ్ము పడకుండా రత్నం కుట్టిన పూల గుడ్డ టీవీ మీద కప్పి ఉంది. తెర మొత్తం దాని వెనకే ఉంది. మీట మాత్రం చేత్తో తడిమి నొక్కుకున్నట్టుంది.

అడుగుల చప్పుడికి చిలకమ్మ మొహం విప్పారింది.

“నూకయ్యా, వొచ్చినావా? ఇందాకట్నుంచి ఎవురూ మాటాడరు. ఆ పిల్ల ఏటి సేస్తాంది?”

జగ్గారావు వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. మొహం ముందు చెయ్యి ఆడించాడు. రెప్ప కదల్లేదు.

“ఎన్నాళ్ళయిందమ్మా?”

కొడుకు గొంతు విని ఆవిడ ఉలిక్కిపడింది. అతని చెయ్యి వెతికి పట్టుకుంది.

“సూపు మెల్లగా పోయినాది నాయినా. ఇల్లు అలవాటే గదా. గుడికెళ్తే నూకయ్య సెయ్యున్నాది. మీకు తెలిస్తే పొయ్యి కాడికి రానీకుండా ఓ మూల కూకోబెడతారని భయమేసినాది. సెప్పొద్దని ఆడి సేత నేనే ఒట్టేయించినాను.”

ఆ ఒట్టు కోసమే దుకాణంలో అంత మాట పడి నోరు మెదపకుండా వెళ్ళిపోయాడా మనిషి. జగ్గారావుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు.

మేనల్లుడు గుమ్మంలోనే ఎదురయ్యాడు.

“మావ పొద్దున్న బండికే పలాస ఎల్లిపోనాడు బాబూ. ఇంక నాకిక్కడేటి పనుందిరా అన్నాడు.”

“మళ్ళీ రాడా?”

“క్వార్టర్ ఇరుకైపోనాది, ఊరెల్లు మావా అని రెండేళ్ళుగా బతిమాలినాను. ఇన్నాళ్ళకి ఎల్లినాడు. ఇంకేటొస్తాడు?”

అతని వెనక గదిలో అదే సీరియల్ నడుస్తోంది. జగ్గారావు కొన్నదాని కంటే పెద్ద టీవీ.

“ఇది ఎప్పుడు కొన్నారు?” అన్నాడు జగ్గారావు, నెమ్మదిగా.

“మావ రిటైరైనప్పుడే. కాలక్షేపంగా ఉంటాదని కొన్నాను గానీ ఒక్కనాడూ దీని ముందు కూకోలేదు. టీవీ సప్పుడంటేనే ఆయనకి తలనొప్పి.”