రాని దొంగకు కాపలా

అతను టైర్ల కొట్టు అమ్మేశాడు. ఇన్నేళ్లూ టైర్లు విప్పీ బిగించీ మోకాళ్లు అరిగాయి. తీరా డబ్బు చేతిలో పడ్డాక ఆనందం కన్నా భయమే ఎక్కువైంది.

“ఇది పోతే మళ్లీ సంపాదించడానికి మీకు మోకాళ్లు లేవు. వెళ్లి మీ బావగారిని అడగండి,” అంది భార్య.

ఆదివారం పొద్దున్నే అక్క ఇంటికి చేరాడు. బావ బనీనుతో సోఫాలో కాళ్లు చాపుకుని ఉన్నాడు. సలహా అంటే చాలు, ఆయనకు పూనకమే.

“ఒక్క కంపెనీని పట్టుకుని వేలాడకురా. ప్రపంచంలోని పెద్ద కంపెనీలన్నిట్లో తలా కాస్త పెట్టే ఇండెక్స్ ఫండు కొను. ఖర్చులు తక్కువున్నది చూడు. కొన్నాక దాని మొహం చూడకు.”

“మన దేశం ఫండు చాలదా బావా?”

“నీ ఇల్లిక్కడే. నీ పిల్లల జీతాలిక్కడే. డబ్బూ ఇక్కడే పెట్టి అందరూ కలిసి మునుగుతారా?”

మన కరెన్సీ కొండలా నిలబడుతుందని, జనం కంగారు పడనక్కర్లేదని టీవీలో వార్తలావిడ చదువుతోంది. బావ రిమోట్ అందుకుని ఆవిడ నోరు మూయించాడు.

“మరి మారకం రేటు అటూ ఇటూ అయితే?”

“దానికి హెడ్జింగ్ ఫండ్లున్నాయిలే. మన కరెన్సీ బలపడినా నీ బయటి సొమ్ము విలువ తగ్గకుండా కాపు కాస్తాయి. కాపలా ఖర్చు వేరే.”

“అయితే అదే తీసుకోనా?”

బావ పగలబడి నవ్వాడు. కప్పులో కాఫీ బనీను మీద ఒలికింది.

“మన కరెన్సీ బలపడుతుందని బెంగా నీకు! రాని దొంగ కోసం కుక్కను మేపుతావట్రా?”

అక్క ఏదో అనబోయింది. బావ చూసిన చూపుకు కప్పులు తీసుకుని లోపలికి పోయింది.

“మన డబ్బు మరీ అంత అధ్వాన్నమా బావా?”

“నానాటికి తీసికట్టు నాగంభొట్లు! నా సొమ్మంతా చిల్లరతో సహా ఎప్పుడో సరిహద్దు దాటించేశా. నువ్వూ దాటించు, కడుపులో చల్ల కదలకుండా బతుకుతావు.”

ఇంకెవరు చెప్పినా అతను నమ్మేవాడు కాదు. బావ మాట వేరు. భయం వదిలి, హాయిగా టాక్సీ ఎక్కాడు.

ఇంటి దగ్గర దిగి కిరాయి కోసం జేబులోంచి తీసిన కొత్త నోటు మీద, ‘దీని విలువకు నాదీ హామీ’ అన్న అక్షరాల కింద, దేశపు కేంద్ర బ్యాంకు గవర్నరుగా బావ పెట్టిన సంతకం నిగనిగలాడుతోంది.