ఐదింటిలోపు మోగాలి

ఇరవై నాలుగు కొత్త ఫోన్లలో తొమ్మిది మూగనోము పట్టాయి.

మిగతా పదిహేనూ నిక్షేపంగా మోగుతున్నాయి. ఈ తొమ్మిదింటి తెర మీద మాత్రం ఒకటే పాట: సర్వర్ దొరకలేదు.

అన్నీ ఆపి మళ్లీ పెట్టాడు టెక్నీషియన్. పడుకున్నవి కొన్ని లేచాయి, మోగుతున్నవి అన్నే పడుకున్నాయి.

"ఇదేం చోద్యం!" అని నెత్తి గోక్కున్నాడు.

కంపెనీ ఉద్యోగం మానేసి, సొంతంగా బోర్డు పెట్టుకుని మూడు నెలలు. ఇదే మొదటి పెద్ద పని. "బోర్డు బాగుంది బావా, బోర్డుకి పనే లేదు" అని బావమరిది రోజూ దెప్పుతూనే ఉన్నాడు.

పార్సెల్ ఆఫీసు మేనేజరు పొద్దున్నే తెగేసి చెప్పాడు.

"పాత ఫోన్ల కాంట్రాక్టు ఇవాళ్టితో సరి. ఐదింటికల్లా నీవన్నీ మోగితే నీ కాగితం మీద సంతకం పెడతా. ఒక్కటి మోగకపోయినా పాతదే ఇంకో ఏడాది. ఫోన్లు లేకపోతే ఆఫీసు మూసుకోవాలయ్యా."

ఇప్పుడు మూడున్నర.

"బాబూ!"

పొద్దున్నుంచీ గుమ్మం పక్క బెంచీ మీద కూర్చున్న పెద్దాయన. ఒళ్లో ఓ ఫైలు.

"పార్సెల్ కోసమైతే కౌంటర్లో అడగండి" అన్నాడు తలెత్తకుండా.

"పార్సెల్ కాదు నాయనా. స్టోర్ రూములో బీరువా వెనక చూశావా? మొన్నామధ్య ఎవరో వైఫై కోసం పాత రౌటర్ తగిలించారు. ఫోన్లకి అడ్రసులు పంచే పెట్టె ఒకటే ఉండాలి కదా. అది కూడా పంచుతున్నట్టుంది. దాని దగ్గర తీసుకున్న ఫోనల్లా దారి తప్పుతుంది."

టెక్నీషియన్‌కి ఒళ్లు మండింది. అసలే చిరాకులో ఉన్నవాడికి దారినపోయే సలహా ఒకటి.

"ఇవి మీ కాలం నాటి తిప్పుడు ఫోన్లు కావు పెద్దాయనా. కాసేపు కూర్చోండి."

పెద్దాయన ఫైలు ఒళ్లో సర్దుకుని కూర్చున్నాడు.

వైర్లు మార్చాడు. సర్వర్లో ఒక్కో ఫోను నంబరూ చెరిపి మళ్లీ రాశాడు. తొమ్మిది కాస్తా పదకొండయ్యాయి.

నాలుగున్నర. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

కౌంటర్లో అమ్మాయి ఉండబట్టలేకపోయింది.

"అన్నా, ఆయన చెప్పిన చోట ఓసారి చూడకూడదూ? చూస్తే నువ్వేం అరిగిపోవుగా!"

వెళ్లాడు, నమ్మకంతో కాదు, ఇంకేం చెయ్యాలో తోచక.

బీరువా జరిపాడు. దుమ్ములో ఆకుపచ్చ దీపం మిణుకుమిణుకుమంటోంది.

పీకేశాడు.

అన్ని ఫోన్లూ ఆపి మళ్లీ పెట్టాడు. ఒకటో నంబరు నుంచి ఇరవై నాలుగో నంబరు దాకా వరసగా మోగించాడు. ఆఫీసంతా పెళ్లిల్లులా హోరెత్తింది.

గోడ గడియారంలో ఐదుకి ఏడు నిమిషాలు తక్కువ.

గబగబా గుమ్మం దగ్గరికొచ్చాడు. పెద్దాయన చేతులు పట్టుకుంటే చాలనుకున్నాడు.

బెంచీ ఖాళీ.

"ఇప్పుడే వెళ్లిపోయారన్నా" అంది కౌంటర్లో అమ్మాయి. "చివరి ఫోను మోగేదాకా లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. ఇరవై నాలుగు అని లేచి, ఫైలు చంకన పెట్టుకుని మెట్లు దిగారు."

రోడ్డు దాకా పరిగెత్తాడు. జనంలో ఎటు చూసినా అలాంటి తెల్లజుట్టే.

తిరిగొచ్చి మేనేజరు ముందు కాగితం పెట్టాడు.

"ఆ బెంచీ మీద పెద్దాయన ఎవరండీ? ఆయన చెప్పబట్టి గట్టెక్కాను. లేకపోతే నా బోర్డు దింపుకోవాల్సిందే."

మేనేజరు చేతిలో పెన్ను ఆగింది.

"ఆయన చెప్పాడా నీకు?"

"అవునండీ."

మేనేజరు ఓసారి ఆ ఖాళీ బెంచీ వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా సంతకం పెట్టాడు.

"పందొమ్మిదేళ్లుగా ఇక్కడి ఫోన్లు చూసేది ఆయనేనయ్యా... నీవి మోగకపోతే ఇంకో ఏడాదికి కాగితం రాయించుకుపోదామని పొద్దున్నుంచీ కూర్చున్నాడు."